చెట్టు కదల్లేదు, బడే పక్కకు జరిగింది: ఒక కిండర్‌గార్టెన్ కేస్ స్టడీ

కిండర్‌గార్టెన్ కట్టాల్సిన స్థలం చూడటానికి ఆర్కిటెక్ట్‌గా నేను మొదటిసారి వెళ్ళినప్పుడు యాజమాన్యం తరఫున వచ్చినాయన చెప్పిన తొలి మాట ఇది: "ఆ చెట్టు కొట్టించేసి, నేల చదును చేయించి మీకు అప్పగిస్తాం సార్."

చెట్టంటే పాత నిద్రగన్నేరు, స్థలం మధ్యకు కాస్త పక్కగా ఉంది. నేల ఈ కొస నుంచి ఆ కొసకు 45 మీటర్లలో మీటరున్నర దిగుతుంది. వాన పడితే ఎగువ స్థలాల నీళ్ళన్నీ ఈ పల్లంలోంచే పోతాయి. మూడు వైపులా ఒంటి అంతస్తు ఇళ్ళు, నాలుగో వైపు రోడ్డు. మూడేళ్ళు నిండినవాళ్ళ నుంచి ఆరేళ్ళలోపు వాళ్ళ దాకా 80 మంది పిల్లలకు నాలుగు గదులు, ఒక హాలు కావాలి. యాజమాన్యానికి చెట్టు, పల్లం, నీళ్ళు మూడూ అడ్డంకుల్లాగే కనిపించాయి. నేను రెండు వారాల గడువు అడిగాను. ఆ రెండు వారాల్లో ఒక్క గీత కూడా గీయలేదు.

నడుము ఎత్తు నుంచి చూస్తే

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికల ప్రకారం నాలుగేళ్ళ పిల్లల మధ్యస్థ ఎత్తు 103 సెంటీమీటర్లు. మూడేళ్ళకు 95, 96 మధ్య ఉంటుంది, అయిదేళ్ళకు 110 దగ్గరికి వస్తుంది. కళ్ళు దానికి మరో పది సెంటీమీటర్లు కింద. అందుకని కెమెరాను కర్రకు 90 సెంటీమీటర్ల ఎత్తులో కట్టుకుని స్థలమంతా తిరిగాను. చూసిన పక్కింటివాళ్ళు ఏమనుకున్నారో గాని, ఆ వీడియో నాకు చాలా నేర్పింది.

నిలబడి చూస్తే నాకు కనిపించినవి చెట్టు కొమ్మలు, పక్కింటి డాబాలు, దూరంగా రోడ్డు. వీడియోలో ఇవేవీ లేవు. ప్రహరీ గోడ తెరంతా నిండిపోయింది. చెట్టు కొమ్మలకు బదులు నేల మీదికి పొంగిన వేళ్ళు కనిపించాయి, ఒక్కొక్కటి పిల్లలు కూర్చునే పీటంత. నాకు నడకలో తెలియని వాలు అక్కడ ఒక చిన్న గుట్ట. పరిసరాలకు తగ్గట్టు కట్టడమంటే సాధారణంగా మనం ముందువైపు గోడ రంగు, కప్పు ఆకారం, చుట్టుపక్కల ఇళ్ళ పోలిక గురించి మాట్లాడుకుంటాం. పిల్లల పరిసరం మీటరు ఎత్తులోపే ఉంది. ఆ మీటరులోపు ఉన్నవాటిని చదును చేసేసి, ఆ తర్వాత డబ్బు పెట్టి ప్లాస్టిక్ గుట్టలు, ప్లాస్టిక్ చెట్లు తెచ్చి పెట్టడం నాకు వింతగా అనిపిస్తుంది.

ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బుర్గ్‌లో మొదలుపెట్టిన చిన్నపిల్లల బడికి 1840లో పెట్టిన పేరే కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట. తోట తీసేసి పేరు మాత్రం ఉంచుకున్న బడులు ఇప్పుడు ఎన్నో.

చెట్టు

మాను చుట్టుకొలత 2.8 మీటర్లు వచ్చింది, అంటే వ్యాసం సుమారు 90 సెంటీమీటర్లు. కట్టడాల దగ్గర చెట్లను కాపాడటానికి బ్రిటిష్ ప్రమాణం 5837లో ఒక తేలిక లెక్క ఉంది: మాను వ్యాసానికి పన్నెండు రెట్ల వ్యాసార్ధంలో నేలను ముట్టుకోవద్దు. మా చెట్టుకది 10.8 మీటర్లు. కాగితం మీద ఆ వృత్తం గీయగానే స్థలంలో పెద్ద ముక్క పోయింది. యాజమాన్యం ముఖాలు చిన్నబోయాయి.

అప్పుడే వాళ్ళు ఫోన్‌లో ఒక ఫొటో చూపించారు. టోక్యో దగ్గర టాచికావాలో టెజుకా ఆర్కిటెక్ట్స్ కట్టిన ఫుజి కిండర్‌గార్టెన్, 2007 నాటిది. కోడిగుడ్డు ఆకారంలో ఒకే అంతస్తు, కప్పు మీద పిల్లలు గుండ్రంగా పరుగెత్తుతుంటారు, మూడు జెల్కోవా చెట్లు కప్పును చీల్చుకుని పైకి వస్తాయి. "చెట్టు ఉంచాలంటే ఇలా కట్టండి" అన్నారు. అది అద్భుతమైన బడి, అందులో వాదన లేదు. కాని నిద్రగన్నేరు కొమ్మలు పెళుసు. గాలివానకు పెద్ద కొమ్మే విరిగి పడొచ్చు. ఆ చెట్టు కిందికి కప్పును తీసుకెళ్ళి దాని మీద పిల్లల్ని పరుగెత్తించే ధైర్యం నాకు లేదు. పైగా మా నేల వాలుగా ఉంది. ఇక్కడ నేలే పరుగెత్తడానికి బాగుంటే కప్పు మీదికి ఎక్కించడం ఎందుకు?

చివరికి భవనాన్ని మోచేయి వంచినట్టు వంచాం. ఒక్కో రెక్కలో రెండు గదులు, వంపులో హాలు, ఆ వంపు లోపలి వైపున చెట్టు. వరండా అంచు మానుకు 12 మీటర్ల దూరంలో ఉంటుంది. పునాది తవ్వకానికి వృత్తం బయట ఒక మీటరు వెసులుబాటు దొరికింది. కప్పు అంచు ఎత్తు 2.4 మీటర్లే. ఎండుకొమ్మలు ముందే తీయించాం, కొమ్మలు బాగా విస్తరించిన వైపు ఆటస్థలం పెట్టలేదు. వాన కురిసేముందు, సాయంత్రం పూట ఆ చెట్టు ఆకులు ముడుచుకుంటాయి. బడిలో పిల్లలకు అంతకంటే మంచి గడియారం నేను తయారు చేయలేను.

ఇక్కడే ఒక పొరపాటు జరిగింది. డ్రాయింగ్‌లో వృత్తం ఉంది, సైట్‌లో లేదు. కంచె వేయమని చెప్పాను, వేశారో లేదో చూడలేదు. తొమ్మిది రోజుల తర్వాత వెళ్ళేసరికి పునాదుల మట్టి అంతా చెట్టు కింద గుట్టగా ఉంది, నీడగా ఉందని కాంక్రీట్ మిక్సర్ కూడా అక్కడే పెట్టారు. మేస్త్రిని అడిగితే, "చెట్టుకు మట్టి పోస్తే మంచిదే కదా సార్" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, అలా అనుకునేవాళ్ళే ఎక్కువ. చెట్టుకు కావలసిన సన్నవేళ్ళలో చాలా భాగం నేల పై పొరలోనే, అరమీటరు అటూ ఇటూ లోతులో ఉంటాయి. పైన మట్టి పోస్తే వాటికి గాలి ఆడదు, బరువు పడితే మట్టి గట్టిపడిపోతుంది. చెట్టు వెంటనే చావదు. ఏడాది, రెండేళ్ళ తర్వాత కొమ్మలు ఎండిపోతుంటే అప్పుడు మనం చీడ అనుకుంటాం. యంత్రం పెట్టకుండా పారలతో ఆ మట్టి తీయించడానికి మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత మానుకు ఆనకుండా చుట్టూ పది సెంటీమీటర్ల మందాన ఎండుటాకు పరిచాం. ఇప్పుడైతే ఏ పనికైనా కంచె ఫొటో వచ్చాకే తవ్వకానికి ఒప్పుకుంటాను.

వాలును ఉంచితే వచ్చిన లెక్క

నేల వాలు 30కి 1. చక్రాల కుర్చీకి సరిపోయే ర్యాంప్‌కు సాధారణంగా వాడే గరిష్ఠ వాలు 12కి 1, 20కి 1 కంటే తక్కువైతే అది మామూలు నడకదారే. అంటే ప్రకృతి మాకు మెట్లు అక్కరలేని వాలు ఇచ్చింది, మేం దాన్ని చదును చేసి తర్వాత మెట్లు కట్టబోయాం.

గదులు 8 మీటర్ల ముందుభాగం, 7 మీటర్ల లోతు. ఒక గది నుంచి పక్క గదికి నేల 27 సెంటీమీటర్లు దిగుతుంది. వరండానే వాలుగా పోనిచ్చాం. చిక్కు గుమ్మాల దగ్గర వచ్చింది. గది నేల సమంగా ఉంటుంది, వరండా వాలుగా ఉంటుంది, రెండూ గడప లేకుండా కలవాలి. అందుకని ప్రతి గుమ్మం ముందు మీటరున్నర సమతలం ఇచ్చి, మిగిలిన ఆరున్నర మీటర్లలో ఆ 27 సెంటీమీటర్లు దించాం. అంటే 24కి 1. పరిమితిలోపే. సమతలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నేల రాయి రంగు మార్చి చూపించాం, టీచర్లు కాలు తడబడకుండా. పిల్లలు ఆ రంగు గీతలను బంతి ఎక్కడ ఆగుతుందో పందెం వేయడానికి వాడుతున్నారని తర్వాత తెలిసింది.

గదికి 56 చదరపు మీటర్లు, 20 మంది. తలకు 2.8 వచ్చింది. ఇంగ్లండ్ నిబంధనలు మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలకు కనీసం 2.3 చదరపు మీటర్లు అంటాయి, అమెరికాలో చాలా రాష్ట్రాలు 35 చదరపు అడుగులు, అంటే దాదాపు 3.25 అడుగుతాయి. మేం మధ్యలో ఉన్నాం. గది ముందు రెండు మీటర్ల వరండాను కూడా తరగతిలాగే వాడతారు కాబట్టి నాకు దిగులు లేదు. వరండా వల్ల లోపల చీకటి పడకుండా వెనక గోడను ఎత్తు చేసి కప్పు కింద పొడవాటి కిటికీలు పెట్టాం.

కొలతలు

ఇది చదివేవాళ్ళలో ఇలాంటి పని చేసేవాళ్ళుంటే ఈ భాగమే పనికొస్తుంది.

కిటికీ కింది అంచు 40 సెంటీమీటర్లు, గోడ మందం వల్ల అదే కూర్చునే అరుగు అయింది. అంత కిందికి గాజు వస్తే మామూలు అద్దం పనికిరాదు, పగిలినా ముక్కలు చెదరని లామినేటెడ్ అద్దమే వేయాలి. కింది భాగం తెరుచుకోదు, గాలికి పై రెక్కలు. టాయిలెట్ సీటు 28 సెంటీమీటర్లు, చేతులు కడిగే తొట్టి 48, టాయిలెట్ల మధ్య అడ్డుగోడ 1.1 మీటరు. లోపల కూర్చున్న బిడ్డకు చాటు ఉంటుంది, బయట నిలబడ్డ టీచరుకు తల కనపడుతుంది. తలుపు బందుల వైపు వేళ్ళు నలగకుండా రబ్బరు కవరు. చేతిపట్టీలు రెండు ఎత్తుల్లో, 60లో పిల్లలకు, 90లో పెద్దలకు.

కటకటాల మధ్య సందు విషయంలో కాస్త ఆగాలి. మామూలు కట్టడాల్లో 100 మిల్లీమీటర్ల గోళం దూరకూడదనే లెక్కతో పోతాం, నేనూ మొదట అదే వేశాను. పిల్లల ఆట పరికరాలకు అమెరికన్ భద్రతా మార్గదర్శకాలు 3.5 అంగుళాల నుంచి 9 అంగుళాల వరకు, అంటే 89 నుంచి 229 మిల్లీమీటర్ల వరకు ఉన్న సందులను ప్రమాదకరం అంటాయి. కాళ్ళు, ఒళ్ళు జారిపోయి తల ఇరుక్కునే కొలత అది. వరండా కటకటాల మీద పిల్లలు ఆడకుండా ఉంటారా? 85కి మార్చాం. అడ్డ కమ్మీలు తీసేశాం, అవి నిచ్చెనవుతాయి.

గోడలు, రంగుల గొడవ

పునాదుల్లో తీసిన మట్టినే పరీక్ష చేయించి, ఇసుక కలిపి, ఏడు శాతం సిమెంటుతో యంత్రంలో నొక్కి ఇటుకలు చేయించాం. కాల్చే పని లేదు, తడుపుతూ నాలుగు వారాలు గట్టిపడనివ్వాలి. ఆ నేల రంగే గోడ రంగు అయింది. చుట్టుపక్కల ఇళ్ళ మధ్య బడి ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు లేదు.

యాజమాన్యానికి నచ్చలేదు. పిల్లల బడంటే ఎరుపు, పసుపు, నీలం, గోడ మీద కార్టూన్ బొమ్మలు ఉండాలి. అడ్మిషన్ల కోసం వచ్చే తల్లిదండ్రులు అదే చూస్తారన్నది వాళ్ళ టెన్షన్. దాన్ని కొట్టిపారేయలేం, బడి నడవాలి కదా. నా వాదన ఒక్కటే: గోడ నిండా మన బొమ్మలు వేస్తే వాళ్ళ బొమ్మలు ఎక్కడ? నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తు దాకా గదుల్లో ఒక గోడంతా పిన్నులు గుచ్చే బోర్డు పెడదాం, రెండు నెలల తర్వాత వచ్చి చూసి, అప్పటికీ రంగు కావాలంటే నేనే వేయిస్తానన్నాను. ఒక్కో గది తలుపుకు మాత్రం ఒక్కో రంగు వేశాం, చదవడం రాని పిల్లలకు గది గుర్తు పట్టడానికి. రెండు నెలల తర్వాత ఎవరూ రంగు మాటెత్తలేదు.

గోడ నన్ను వేరే విధంగా దెబ్బ తీసింది. మట్టి ఇటుక అంచును పెన్సిల్‌తో గీకితే పొడి రాలుతుందని పిల్లలు మొదటి వారంలోనే కనిపెట్టారు. నెల తిరిగేసరికి వరండాలో చిటికెన వేలు పట్టేంత గుంటలు. వరండా గోడకు మీటరు ఎత్తు దాకా సున్నం గచ్చు చేయించాం. హాలు పక్కన ఒక మూల మాత్రం అలాగే వదిలేశాం. తవ్వాలనుకునేవాళ్ళు అక్కడ తవ్వుకుంటారు.

వేడికి చేసిన మందు చెవులకు తగిలింది

ఈ పనిలో నా అసలు తప్పు ఇదే. కప్పు విషయంలో నేను నమ్ముకున్నది ఆర్కిటెక్ట్ ఫ్రాన్సిస్ కేరే ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో తన సొంత ఊరు గాండోలో 2001లో పూర్తి చేసిన ప్రాథమిక పాఠశాలను. 2004లో దానికి ఆగా ఖాన్ పురస్కారం వచ్చింది. లోపల ఇటుకల సీలింగ్, దాని మీద ఖాళీ వదిలి ఎత్తుగా రేకుల కప్పు. ఎండ రేకుకు తగులుతుంది, మధ్యలో గాలి వేడిని మోసుకుపోతుంది. మేమూ రేకు కింద ఖాళీ వదిలి, లోపల గట్టి సిమెంటు పలకల సీలింగ్ వేశాం. వేడి తగ్గింది, రేకు మీద వాన చప్పుడు కూడా చాలా వరకు ఆగింది.

బడి తెరిచిన రెండో రోజు ఒక టీచరు ఫోన్ చేసి, "సార్, పదకొండింటికల్లా తల పగిలిపోతోంది" అంది. వెళ్ళి కూర్చున్నాను. 20 మంది పిల్లలు మామూలుగా మాట్లాడుకుంటుంటే గది గంటలా మోగుతోంది. ఒకరి మాట వినపడక ఇంకొకరు గొంతు పెంచుతారు, దాంతో అందరూ అరుస్తారు.

లెక్క అప్పుడు వేశాను, ముందు వేయాల్సింది. ప్రతిధ్వని ఎంతసేపు ఉంటుందో తెలియడానికి సబైన్ సూత్రం ఉంది: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని తలాలన్నీ కలిసి ఎంత ధ్వనిని పీల్చుకుంటాయో దానితో భాగించాలి. మా గది సగటు ఎత్తు 3 మీటర్లు, ఘనపరిమాణం 168 ఘనపు మీటర్లు. గచ్చు, రాయి, అద్దం, సిమెంటు పలక, ఏదీ పీల్చదు. పిన్నుల బోర్డు, సామాను అంతా కలిపినా 16 చదరపు మీటర్ల పీల్పుకు మించలేదు. అంటే దాదాపు 1.7 సెకన్లు. అమెరికాలో ఈ పరిమాణం తరగతి గదులకు, పిల్లలు లేనప్పుడు, 0.6 సెకన్లు మించకూడదని ప్రమాణం. అది రావాలంటే 45 కావాలి, ఇంకో 29 తక్కువ. ధ్వనిలో 80 శాతం పీల్చే పలకలైతే 36 చదరపు మీటర్లు, అంటే సీలింగ్‌లో మూడింట రెండు వంతులు.

చెక్క పీచు పలకలను సీలింగ్‌కు బిగించాం. మాట తేడా ఆ మధ్యాహ్నమే తెలిసింది. వెనక పొడవాటి కిటికీల వెలుతురు కాస్త తగ్గింది, ఎందుకంటే పలక రంగు సిమెంటు కంటే ముదురు. ముందే అనుకుని ఉంటే తెల్ల పలక తెప్పించేవాణ్ణి. ఆ ఖర్చులో కొంత నా ఫీజులోంచి తగ్గించుకున్నాను.

నీళ్ళు, కంచె

ఎగువ నుంచి వచ్చే నీళ్ళకు పైపు వేయమని సలహా వచ్చింది. వేయలేదు. గులకరాళ్ళు పరిచిన వెడల్పాటి కాలువ చేశాం, లోతు పది సెంటీమీటర్లు. చిన్న కుంట కూడా గీశాను గాని నేనే కొట్టేశాను. చిన్నపిల్లలు మునగడానికి కొన్ని అంగుళాల నీళ్ళు చాలు. కాలువలో నీళ్ళు వాన ఆగిన కొద్ది గంటల్లో దిగిపోవాలి, దానికి తగ్గ వాలు ఇచ్చాం. దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా దాదాపు వారం పడుతుంది కాబట్టి ఆ భయమూ లేదు. వాన పడుతున్నంతసేపూ పిల్లలు కాలువ వైపు వెళ్ళకుండా వరండా గేటు వేసి ఉంచుతారు.

రోడ్డు వైపు ప్రహరీలో 80 సెంటీమీటర్ల ఎత్తున పుస్తకమంత రంధ్రాలు వదిలి, గట్టి జాలీ బిగించాం. బడి లోపలివాళ్ళకు రోడ్డు, దారిన పోయేవాళ్ళకు కళ్ళ జతలు. ఇళ్ళ వైపు మొక్కల కంచె. మొక్కల జాబితా తెచ్చినాయన గన్నేరు రాశాడు, త్వరగా పెరుగుతుంది, పూలు పూస్తుంది, పశువు ముట్టదు. పశువు ఎందుకు ముట్టదో ఆలోచిస్తే చాలు. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. పేరులో పోలికే గాని నిద్రగన్నేరుకూ దానికీ చుట్టరికం లేదు. ఆ జాబితాలోంచి గన్నేరును, అలాగే విషపు మొక్క అయిన లాంటానాను కొట్టేశాం.

ఏడాది తర్వాత

రెండు రోజులు ఒక మూల కూర్చుని చూశాను. యాజమాన్యం పట్టుబట్టి కొన్న పెద్ద జారుడుబల్ల దగ్గర ఎప్పుడూ ఇద్దరు ముగ్గురే. జనమంతా కాలువ దగ్గర. గులకరాళ్ళతో ఆనకట్టలు, వాటిని తెంపడం, మళ్ళీ కట్టడం. హాలు మూలలో 1.2 మీటర్ల ఎత్తున చెక్కతో ఒక గూడు కట్టాం, టీచర్లు వంగితే గాని పట్టరు. అందులోకి గుంపుగా ఎవరూ వెళ్ళరు. ఒక్కొక్కరుగా, కాసేపు, ముఖం గోడకు తిప్పుకుని కూర్చుంటారు. ఇలాంటి చోటు ప్రతి గదిలో ఉండాల్సింది, నేను ఒక్కటే ఇచ్చాను.

టీచర్ల ఫిర్యాదులు రెండు, రెండూ న్యాయమే. సామాను పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు. 48 సెంటీమీటర్ల తొట్లో బ్రష్షులు కడిగి కడిగి నడుము పోతోంది. పిల్లల కోసం అన్నీ కిందికి దించే హడావిడిలో రోజంతా అక్కడే ఉండే పెద్దవాళ్ళను మర్చిపోయాను. గదుల వెనక గోడ పొడవునా బీరువాలు, గదికొక పెద్దవాళ్ళ ఎత్తు సింకు ఇప్పుడు పెట్టిస్తున్నాం.

నేను కనీసం ఊహించనిది కప్పు అంచున జరిగింది. నిద్రగన్నేరు ఆకులు రాలితే చిన్న చిన్న రేకులుగా రాలుతాయి. అవి కప్పు అంచు వెంట వాన నీళ్ళు పట్టడానికి బిగించిన తొట్టెల్లో, వాటి మీద వేసిన జాలీల్లో ఇరుక్కుని ముద్దయిపోతాయి. మొదటి వానాకాలంలో మూడుసార్లు మనిషిని ఎక్కించాం, నాలుగోసారి హాలు వంపు దగ్గర నీళ్ళు లోపలికే వచ్చాయి. చివరికి తొట్టెలు విప్పించి పారేశాం. గుమ్మాల మీద మాత్రం నీళ్ళు పక్కకు పోయేలా చిన్న రేకు ఉంచాం. మిగతా చోటంతా కప్పు అంచు నుంచి నీళ్ళు నేరుగా గులకరాళ్ళ పట్టీ మీద పడతాయి. వాన పడుతున్నప్పుడు వరండా ముందు పొడవునా నీటి తెర దిగుతుంది. టీచర్లు పాఠం ఆపేస్తున్నారట, ఎందుకంటే కటకటాల సందుల్లోంచి చేతులు చాపి నిలబడ్డ పిల్లలు ఎంత పిలిచినా లోపలికి రావడం లేదు.